నాలుగు నల్ల చుక్కలు

జలుబు మాత్ర వేసుకుని కేసులు చూడకూడదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆ శనివారం ఉదయం తొమ్మిదింటికి ఒకటి వేసుకున్నాను. పదిన్నరకు పోలీసు స్టేషన్లో బల్ల ముందు కూర్చునేసరికి ఎదురుగా ఉన్న పెంచలయ్య నీళ్ళ అడుగున కూర్చున్నట్టు కనిపించాడు. పెదవులు ముందు కదులుతున్నాయి, మాట కాస్త ఆలస్యంగా నా దగ్గరికి వస్తోంది. ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ వాటి వెనక నేను సగమే ఉన్నాను.

ఎదుటి మనిషికి మాత్రం రెండు రాత్రులుగా నిద్ర లేదు. సాయంత్రం నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు హాజరు పరుస్తానని ఎస్సై కిషోర్ బాబు నాకు గుమ్మంలోనే చెప్పేశాడు. ఈ లోపల డిటెక్టివుగా నేనేదైనా తేలిస్తే సరే. లేకపోతే అరవై ఒక్క ఏళ్ళ పెంచలయ్య హత్యాయత్నం కింద జైలుకు పోతాడు.

జరిగింది ఇదీ. మైపాడుకు కిలోమీటరు ఇవతల వరి రైతు ముత్యాలయ్య గారిల్లు. ఊరంతా పెద్దాయన అంటుంది. డెబ్బై నాలుగేళ్ళు, గుండె జబ్బు, భార్య పోయింది, పిల్లల్లేరు. ఉన్నదల్లా ముప్పై ఏళ్ళు దాటిన తెల్ల అంబాసిడర్ కారు, దాన్ని మొదటి రోజు నుంచీ నడుపుతున్న పెంచలయ్య. ఆ కారు తప్ప ఇంకే బండీ ఆయన ఎక్కడు. గురువారం తెల్లవారి ఆరు దాటాక గుండె నొప్పి వచ్చింది. ఆరూ పన్నెండుకు కారు బయలుదేరింది. ఆరూ ఇరవై ఆరుకు, తొమ్మిది కిలోమీటర్లు పోయాక, రోడ్డు మధ్యలో ఇంజను సీజయి బిగుసుకుపోయింది. చేపల బుట్టలతో నెల్లూరు పోతున్న ఆటో వచ్చేసరికి ఆరూ యాభై. ఆస్పత్రి చేరేసరికి ఏడున్నర. పెద్దాయన అప్పటి నుంచీ స్పృహలో లేడు.

ఇంజన్లో చుక్క నూనె లేదు. నూనె తగ్గితే వెలగాల్సిన ఎర్ర లైటుకు బల్బు లేదు. ఆ బల్బు పెంచలయ్య చొక్కా జేబులో దొరికింది. పెద్దాయన మేనల్లుడు ఆనందబాబు ఫిర్యాదు ఇచ్చాడు.

నేను మొదట అడగాల్సింది ఒకటే. బల్బు ఎవరు తీశారు అన్నాను.

"నేనే తీసినానమ్మా," అన్నాడు పెంచలయ్య. "మంగళారం పొద్దున."

కాదంటాడనుకున్నాను. మత్తులో విన్నది తప్పేమోనని మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పాడు, అబద్ధం చెప్పడం రాని మనిషి చెప్పినట్టు, తల దించకుండా.

అప్పుడు మొత్తం చెప్పించుకున్నాను. ఆనందబాబు పది రోజుల కిందట తిరుపతి నుంచి వచ్చాడు. మామయ్యను దగ్గరుండి చూసుకుంటానన్నాడు. ఆదివారం కారును టౌనుకు తీసుకుపోయి ఇంజనాయిలు మార్పించాడు. పాతది చిక్కటి ఇరవై-యాభై నూనె. కొత్తది జీరో-ఇరవై సింథటిక్, నీళ్ళలా పలచన, ఇప్పటి కార్లలో పోసేది. పెంచలయ్య వద్దన్నాడు. ముప్పై ఏళ్ళు తిరిగిన ఇంజన్లో ప్రతి ముక్కా అరిగి ఉంటుంది, ముక్కకూ ముక్కకూ మధ్య సందు పెరిగి ఉంటుంది, ఆ సందులో నిలబడాలంటే చిక్కటి నూనె కావాలి, పలచటిది జారిపోతుంది అన్నాడు. ఇదే సంగతి మెకానిక్కయిన మా నాన్న తన షెడ్డులో వెయ్యి సార్లు చెప్పాడు నాకు. ఆనందబాబు నవ్వి, ఇది అన్నిటికంటే మంచి నూనె, మామయ్య కారుకు మంచిది పోయకూడదా అన్నాడట. పెద్దాయన మురిసిపోయాడు. ఇక పెంచలయ్య నోరు ఎత్తలేదు.

సోమవారం నుంచి బండి ఆగిన చోటల్లా ఎర్ర లైటు మినుకుమినుకుమంది. ఇంజను వేడెక్కితే పలచటి నూనెకు ప్రెషరు నిలవదు, అది మామూలే. కానీ పెద్దాయన కూర్చునేది ముందు సీట్లో, డ్రైవరు పక్కన. లైటు వెలిగినప్పుడల్లా ఉలిక్కిపడి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఆయన గుండె ఆగిపోతాదేమోనని భయమేసిందమ్మా. శుక్రారం నూనె మార్చేద్దామని పాత రకం డబ్బా తెప్పించి పెట్టుకున్నా. మూడు రోజులే గదా అని బల్బు తీసి జోబీలో ఏసుకున్నా. దాచలా. దాచేవాణ్ణయితే జోబీలో పెట్టుకుంటానా?"

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. పెంచలయ్య మీద కాదు, ఈ మాట ఎవరూ అడగనందుకు. బల్బు లేకపోతే నూనె సంగతి నీకెలా తెలుస్తుంది అని అడిగాను.

దానికి ఆయన చెప్పిన జవాబు విన్నాక, జలుబు మాత్ర కాసేపు పని చేయడం మానేసింది.

పెంచలయ్యది వలలు లాగే ఇల్లు. పడవెక్కితే చాలు కడుపులో తిప్పి వాంతి చేసుకునేవాడట, అందుకే స్టీరింగు పట్టాడు. వాళ్ళ నాన్న నీళ్ళ రంగు చూసి చేప ఎక్కడుందో చెప్పేవాడు. ఈయన కాగితం చూసి ఇంజను సంగతి చెబుతాడు. రోజూ సాయంత్రం కారు కింద ముందు రోజు పేపరు పరుస్తాడు. తెల్లారి దాని మీద పడ్డ నూనె చుక్కలు లెక్కపెడతాడు. నాలుగైదుంటే ఇంజను బాగుంది. ఎక్కువుంటే నూనె పోయాలి. ఆ కాగితం షెడ్డులో తీగకు గుచ్చుతాడు. ఇంజన్లో నూనె మట్టం చూపే గేజి పుల్ల తీసి చూడడం మానేసి మూడేళ్ళయింది. కంటికి శుక్లం వచ్చింది, ఆ సన్నటి పుల్ల మీద నూనె ఎంతవరకూ ఉందో ఆయనకు కనబడదు.

"ఆదివారం రాత్రి ఇరవై మూడు చుక్కలు," అన్నాడు వేళ్ళు మడుస్తూ. "సోమారం ఇరవై అయిదు. మంగళారం ఇరవై నాలుగు. పొద్దున పొద్దున మిగిలిన కొత్త నూనె కాస్త పోసినా. బుధారం పొద్దున చుక్కలు లెక్కపెట్టినాక నాకు సెలవిచ్చి ఆనందబాబే కారేసుకుని తిరపతి పోయొచ్చినాడు. గురువారం ఆరింటికి ఇంట్లో తాళం తీసుకుని షెడ్డు తీస్తే నాలుగే చుక్కలు. సర్దుకునిందిలే అనుకుని కాగితం తీగకు గుచ్చినా. సంతోషపడినానమ్మా. అంతలోకే కేక వినిపించె."

బుధవారం రాత్రి ఆ కాగితం ఎవరు పరిచారని అడిగాను. సెలవిచ్చాక తాను ఆ పక్కకే పోలేదని, ఆనందబాబే గుర్తుంచుకుని పరిచాడు కాబోలనుకున్నానని చెప్పాడు. ఈ కాగితాల గురించి పోలీసులకు చెప్పావా అంటే, అడగలేదమ్మా అన్నాడు.

నేను లేచాను. పెద్దాయన బతికి ఉన్నాడా అని ఆయన మొదటిసారి అప్పుడు అడిగాడు. ఉన్నాడన్నాను.

పెద్దాయన ఇంటికి చేరేసరికి పన్నెండు. పెంచలయ్య భార్య నాగులమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. నన్ను ఈ కేసులోకి పిలిచింది ఆవిడే. ఆ ఇంట్లో వంట, ఊడ్పు ఇరవై ఏళ్ళుగా ఆవిడవి. తాళాల గుత్తి నడుముకు దోపుకుని ముందు నడిచింది. షెడ్డు వెనకంతా సరుగుడు చెట్లు, వాటి అవతల సముద్రం. చెట్ల హోరూ సముద్రం హోరూ కలిసిపోయి ఎవరో చెవిలో మెల్లగా జోకొడుతున్నట్టుంది. నాకసలే కళ్ళు మూతలు పడుతున్నాయి. ఇలాంటి చోట ఎవరైనా ఎవరికైనా కీడు తలపెట్టగలరంటే నమ్మబుద్ధి కాలేదు.

ట్రాక్టరుతో లాక్కొచ్చి పెట్టిన కారు షెడ్డులో చల్లగా, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. గోడ మీద తీగ. తీగకు కాగితాలు. పైనున్న నాలుగూ తీసి బోనెట్టు మీద వరసగా పరిచాను.

మొదటి మూడూ చుక్కల ముగ్గు పెట్టినట్టున్నాయి. పలచటి నూనె కాగితంలోకి ఇంకి ప్రతి చుక్క చుట్టూ పెద్ద మరక కట్టింది. వెలుగుకు పట్టి చూస్తే అవతలి అక్షరాలు ఇవతలికి కనిపిస్తున్నాయి. ఆ మరకల్లో నుంచి వరి ధరలూ పెళ్ళి ఫోటోలూ తేలుతూ కనబడ్డాయి. ఎంతసేపు చూస్తూ ఉండిపోయానో తెలీదు. అమ్మా అని నాగులమ్మ భుజం తట్టింది.

నాలుగోది వేరు. నాలుగే చుక్కలు. నల్లగా, చిక్కగా, కాగితం మీద ఉబ్బెత్తుగా నిలబడి ఉన్నాయి. చుట్టూ మరక లేదు. వేలితో ఒత్తితే ఇప్పటికీ జిగురుగా అంటింది.

అప్పుడే బయట కారు తలుపు చప్పుడైంది. సుకుమార్ వచ్చాడు.

సుకుమార్ గురించి మంచి మాట చెప్పాలంటే ఆయన చొక్కా ఇస్త్రీ ఎప్పుడూ చెడదు. ఒకప్పుడు బళ్ళ ఇన్సూరెన్సు సర్వేయరు. ఇప్పుడు నా లాగే సొంత డిటెక్టివు ఆఫీసు పెట్టుకున్నాడు, మా ఆఫీసుకు నాలుగు సందుల అవతల. పోలీసులు కారు మీద ఆయన రిపోర్టునే నమ్ముతారు. ఈ కేసులో ఆయన్ను పెట్టుకున్నది ఆనందబాబు.

"ధనలక్ష్మి గారూ, పేపరు చదువుకోవడానికి ఇంత దూరం వచ్చారా?" అన్నాడు.

మీ రిపోర్టు చదివే ఓపిక లేక అన్నాను. ఆయన నవ్వాడు. రిపోర్టు తానే నోటితో చెప్పాడు. పలచటి నూనె, పాత ఇంజను. ఇంజను వెనక నూనెను పట్టి ఉంచే సీలు అరిగి దాన్ని ఆపలేదు. నాలుగు రోజుల్లో నాలుగు లీటర్లూ కారిపోయాయి. ఆ సంగతి డ్రైవరుకు తెలుసు, తెలిసే లైటు బల్బు పీకేశాడు. ముప్పై ఏళ్ళు తనకు నచ్చినట్టు నడిపిన బండి మీద ఇంకొకరి పెత్తనం వచ్చిందని కక్ష. డ్రైవరే ఒప్పుకున్నాక ఇంకేం కావాలి అన్నాడు.

"ఇరవై నాలుగు చుక్కలు కలిపితే ఎంత నూనె సుకుమార్ గారూ?" అన్నాను.

"ఎంతైతే ఏం? నిలబడినప్పుడు కారేది కాదు లెక్క. పరుగెత్తేటప్పుడు కారేదీ, పొగలో పోయేదీ లెక్క."

అది నిజమే. అందుకే ఆయనంటే నాకు మంట, సగం మాటలు నిజాలే చెబుతాడు. పరుగులో ఎంత పోతుందన్నాను. తిరుపతి పోయి రావడానికి రెండు వందల డెబ్బై కిలోమీటర్లు, ఎంత పాడు సీలైనా లీటరు, లీటరున్నర అన్నాడు. అయితే బుధవారం రాత్రికి కనీసం రెండున్నర లీటర్లు ఉండాలి కదా అన్నాను. సుకుమార్ అంచనాలు అటూ ఇటూ అవుతాయన్నాడు.

"రెండు వందల డెబ్బై కిలోమీటర్లు పోయి సుఖంగా ఇంటికొచ్చిన బండి, తెల్లారి తొమ్మిది కిలోమీటర్లకే పట్టేసింది. అంత అటూ ఇటూనా?"

మెకానిక్కు కూతుర్నని మళ్ళీ నిరూపించుకున్నానని ఆయన అన్నాడు. అది తిట్టనుకుని అన్నాడు. నాకు తిట్టులా వినబడలేదు.

చీర కుచ్చిళ్ళు దోపుకుని, గోనెసంచి పరుచుకుని కారు కిందికి దూరాను.

కింద చల్లగా ఉంది. నిజం చెప్పాలంటే ఆ కేసు మొత్తంలో నేను సుఖంగా ఉన్నది అక్కడే. ఇంజను అడుగు, గేరుబాక్సు, వెనకవైపు ఇనుమంతా టార్చి వేసి చూశాను. లీటర్లు లీటర్లు కారి ఉంటే ఆ ఇనుము తడిసి, దాని మీద రోడ్డు దుమ్ము ముద్దలు కట్టి ఉండాలి. సీలు దగ్గర అరచేయంత తడి ఉంది. మిగతాదంతా పొడి దుమ్మే. ఆయిల్ చాంబరు కింద నూనె దించే బోల్టు దగ్గర మాత్రం వెలుగు తళుక్కుమంది. బోల్టు అంచుల మీద పానా జారిన గీతలు, కొత్తవి. టౌనులో నూనె మార్చినప్పటివి అయితే ఆరు రోజుల ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉండాలి. కొన్ని పట్టాయి కూడా. వాటి మీద ఇంకో వరస మెరుస్తోంది.

టార్చి ఆర్పాను. ఒక్క క్షణం కళ్ళు మూసుకుందామనుకున్నాను. మూసుకోగానే మా నాన్న షెడ్డులో ఉన్నాను. నాన్న పోయి తొమ్మిదేళ్ళు. ఎప్పటిలాగే బీడీ ముక్క చెవి మీద పెట్టుకుని, కారు పక్కన గొంతుక్కూర్చుని నా వైపు చూస్తున్నాడు. చేతిలో ఆ నాలుగో కాగితం. చిన్నప్పుడు లెక్క తప్పు చేస్తే అడిగినట్టే మెల్లగా అడిగాడు.

"నూనె లేని ఇంజను చుక్కలెట్టా కార్చింది లచ్చీ?"

కళ్ళు తెరిచాను. తల చాంబరుకు కొట్టుకుంది. నాన్న లేడు. సుకుమార్ బూట్లు కనిపిస్తున్నాయి.

బుధవారం రాత్రి ఎవరో బోల్టు విప్పి నూనె మొత్తం దించేశారు. దించేటప్పుడు కింద పరిచిన కాగితం తడిసి ముద్దయి ఉంటుంది. అలాంటి కాగితం కనబడితే పెంచలయ్య బండి కదల్చడు. ఆయన కాగితాల పద్ధతి ఇంట్లో అందరికీ తెలుసు, తీగ గోడ మీదే ఉంది. అందుకని వేరే కాగితం పరిచి, మంచి రోజుల్లో ఉండేటట్టు నాలుగు చుక్కలు పెట్టారు. కారలేదు, పెట్టారు. పెంచలయ్య ఏం చూస్తే నిశ్చింతగా ఉంటాడో అదే చూపించారు. తీగ మీది పాత కాగితాలు చూసి అలాగే నల్లగా పెట్టారు. ఇంజన్లో ఉన్నది పలచటి నూనె అనీ, అది కాగితం మీద అలా నిలబడదనీ వాళ్ళకు తట్టలేదు.

బయటికొచ్చి షెడ్డు మూల చూశాను. ఆదివారం టౌనులో దించిన పాత నల్ల నూనెను పెంచలయ్య గేటు మడతబందులకు పనికొస్తుందని తెప్పించుకుని డబ్బాలో దాచాడు. డబ్బా మూత సరిగా పెట్టి లేదు. లోపల ఒక కొబ్బరి పుల్ల. పక్కన సీలు విప్పని ఇరవై-యాభై డబ్బా, శుక్రవారం కోసం తెప్పించుకున్నది. షెడ్డు వెనక సరుగుడు మొదట్లో, గంపెడు ఇసుక నూనె తాగి నల్లబడి ఉంది. నాగులమ్మ ఆ ఇసుకను కాలి బొటనవేలితో గీరి చూసింది.

సుకుమార్ వాదన మానలేదు. సరే, ఎవరో దించారనుకుందాం, ఆ ఎవరో డ్రైవరు ఎందుకు కాకూడదు అన్నాడు.

"తిరుపతి పేపరు పెంచలయ్యకు ఎక్కడిది?" అన్నాను.

నాలుగో కాగితం తిరగేసి ఆయన ముందు పెట్టాను. మొదటి మూడు కాగితాలూ పెద్దాయన ఇంటికి వచ్చే పేపరే, లోపలి పేజీల్లో నెల్లూరు జిల్లా వార్తలు, ఇందుకూరుపేట కాలవలూ కొడవలూరు ధాన్యమూ. నాలుగోది కూడా అదే పేపరు, బుధవారానిదే. కానీ లోపలిది తిరుపతి జిల్లా పేజీ. ఆ పేజీ ఇక్కడ ఏ ఇంటికీ రాదు. బుధవారం పొద్దున తిరుపతిలో ఉండి, రాత్రికి ఈ షెడ్డులో ఉన్న మనిషి ఒక్కడే.

సుకుమార్ ఆ పేజీని చాలాసేపు చూశాడు. జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. తర్వాత నిజాయితీగా ఒక మాటన్నాడు. "నాకు కాగితాలు చూపించనేలేదండీ. బల్బు ఒక్కటే చూపించారు."

ఎందుకు చేస్తాడు అని అడిగాడు. దానికి నాగులమ్మ చెప్పింది. పదకొండెకరాల పొలం ఉంది. రొయ్యల గుంటలు తవ్విస్తానని ఆనందబాబు వచ్చిన రోజు నుంచీ మామ వెంట పడ్డాడు. ఉప్పునీళ్ళు తెచ్చి పోస్తే చుట్టుపక్కల వరి కూడా చస్తుంది, తాను బతికుండగా జరగదని పెద్దాయన చెప్పేశాడు. తాను బతికుండగా అన్నాడట, ఆ మాటే.

గడియారం చూశాను. పన్నెండూ యాభై ఎనిమిది. నాలుగింటికి చాలా టైముంది. కాగితాలు మడత పెట్టి ఎస్సై బల్ల మీద పెడితే చాలు, పెంచలయ్య ఇంటికొస్తాడు. మళ్ళీ మత్తు ముంచుకొచ్చింది. గోనెసంచి మీద కూర్చుండిపోయాను. సరుగుళ్ళు హోరుమంటున్నాయి. ఏదో ఒకటి ఇంకా సరిపోలేదని మాత్రం లోపల గీరుతోంది, కంట్లో ఇసుక పడ్డట్టు.

పెద్దాయన కారు నెలకు నాలుగు సార్లు కదిలితే ఎక్కువ. గురువారం ఎక్కడికీ పోవాల్సిన పని లేదు. మరి బుధవారం రాత్రి నూనె దించి పెట్టుకున్నవాడికి, గురువారం పొద్దున్నే ఆ కారు అవసరం పడుతుందని ఎలా తెలుసు?

నిద్ర మొత్తం ఎగిరిపోయింది. ఇంట్లో పెద్దాయన మందులు ఎవరిస్తారని నాగులమ్మను అడిగాను.

"ఇంతకుముందు నేనే ఇచ్చేదాన్నమ్మా. ఆనందబాబు వచ్చినాక పాత డబ్బా తీసేసి, వారం రోజుల గళ్ళ డబ్బా ఒకటి తెచ్చినాడు. అందులో ఆయప్పే ఏసిపెడతాడు. నన్ను ముట్టుకోనీడు. ఆస్పత్రికి గూడా తీసకపోయినాడు ఆ డబ్బా."

ఆస్పత్రిలో మందులు నర్సులు కదా ఇస్తారన్నాను.

"ఐసీయూలో ఉన్నప్పుడు వాళ్ళే. ఈ పొద్దున పదింటికి గదికి మార్చినారంట. మా పిల్ల రోజారమణి ఆ మూడో అంతస్తులోనే ఆయాగా చేస్తా ఉండాది, ఇందాకే ఫోన్ చేసింది. పెద్దాయన కండ్లు కదిలిస్తా ఉండాడంట. ఆనందబాబు పక్కనే కూర్చోని ఉండాడంట."

కారు సగం. మాత్రలు మిగతా సగం. మాత్రలు మార్చి నొప్పి తెప్పించినవాడే, ఆ నొప్పితో ఆస్పత్రి చేరకుండా దారి కూడా కోశాడు. చేరాడు కాబట్టి ఇప్పుడు పక్కన కూర్చున్నాడు. మేం ఇక్కడ చుక్కలు లెక్కపెట్టుకుంటూ ఉంటే అక్కడ పెద్దాయన కళ్ళు తెరవబోతున్నాడు.

ఆస్పత్రి ఇరవై రెండు కిలోమీటర్లు. ఎంత తోలినా నలభై నిమిషాలు. ఎస్సైకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. సుకుమార్ వైపు తిరిగాను. ఆనందబాబుకు ఫోన్ చెయ్యండి, స్పీకరు పెట్టండి, డ్రైవరు అంతా ఒప్పుకున్నాడు, సంతకానికి వెంటనే స్టేషనుకు రమ్మనండి అన్నాను. ముందు ఆయన్ను మంచం దగ్గర్నుంచి లేపాలి. తనకు డబ్బులిచ్చే మనిషిని పట్టించడానికే సుకుమార్ నంబరు నొక్కాడు. ఆయన మీద నాకున్న మంటలో సగం అక్కడే చల్లారింది.

ఆనందబాబు రెండో రింగుకే ఎత్తాడు. గొంతు మెత్తగా ఉంది, రోగి పక్కన కూర్చున్నవాళ్ళు మాట్లాడినట్టు.

సుకుమార్ తడబడకుండా చెప్పాడు. అవతల చిన్న నిట్టూర్పు వినిపించింది.

"మంచి మాట చెప్పారు సార్. వస్తాను. మామయ్యకు ఒంటిగంట మాత్ర ఒకటుంది. అది వేసేసి బయలుదేరతా."

గ్లాసులోకి నీళ్ళు పోస్తున్న చప్పుడు ఆ షెడ్డంతా వినిపించింది.

ఏదో ఒకటి అడగండని సుకుమార్‌కు సైగ చేశాను. ఆయన ఆధార్ కార్డు తేవాలని చెప్పాడు, ఫోటోలు తేవాలని చెప్పాడు. వద్దు అని అరిస్తే అంతా తెలిసిపోతుంది. అరవకపోతే మాత్ర లోపలికి పోతుంది. ఇన్నేళ్ళ వృత్తిలో ఏం చేయాలో తోచక నిలబడిపోయింది ఆ ఒక్కసారే.

అప్పుడు వెనక, షెడ్డు గుమ్మం అవతల, నాగులమ్మ గొంతు వినబడింది. బటన్ల ఫోను చెవికి ఆనించుకుని, చేపల రేటు చెప్పినంత నిదానంగా మాట్లాడుతోంది.

"రోజా, చేతిలో చీపురుంటే చీపురుతోనే పో. పెద్దాయన గదిలోకి. ఆనందబాబు చేతిలో గ్లాసు ఉంటాది. తోసెయ్. అడిగితే కాలు జారిందని చెప్పు. పో బిడ్డా."

స్పీకరులో ఆనందబాబు ఏ స్టేషనో మళ్ళీ చెప్పమంటున్నాడు. సుకుమార్ చెబుతున్నాడు, అక్షరం అక్షరం లాగి చెబుతున్నాడు. సరే ఉంటాను అన్నాడు ఆనందబాబు. మామయ్యా, నోరు తెరువు అన్నాడు.

తలుపు తోసుకున్న చప్పుడు. స్టీలు గ్లాసు నేల మీద పడి, చాలాసేపు దొర్లింది. కళ్ళు కనపడడం లేదా అని ఆనందబాబు గద్దించాడు. ఆ మెత్తటి గొంతు ఎక్కడికి పోయిందో. కాలు జారింది సార్, తుడుస్తా సార్ అంటోంది ఆ పిల్ల.

ఆ వెంటనే, ఎక్కడో చాలా లోతు నుంచి, ఎండిపోయిన గొంతు ఒకటి వినిపించింది. మూడు రోజుల కలలోంచి లేచి వస్తున్న మనిషి గొంతు.

"పెంచలయ్య యాడ? బండాగిపోయిందేం?"

ఫోను కట్టయింది.

నాగులమ్మ తన ఫోను ఇంకా చెవికి ఆనించుకునే ఉంది. కొంగుతో కళ్ళొత్తుకుంది, గొంతు మాత్రం మారలేదు. మాత్ర యాడ పడింది, తడిసిందా, కాగితంలో చుట్టి కొంగున కట్టుకో, నర్సమ్మను పిల్చుకొచ్చి ఆ మంచం కాడనే నిలబడు, ఎవురు పొమ్మన్నా పోబాక అని చెప్పింది. సుకుమార్ అప్పటికే కారు స్టార్టు చేసి, అవతలి తలుపు నా కోసం తెరిచి పట్టుకున్నాడు. నాలుగు కాగితాలూ ఒళ్ళో పెట్టుకుని ఎక్కాను.

నాగులమ్మ పరిగెత్తుకుంటూ కారు దాకా వచ్చింది.

"పెద్దాయన వదల్లేదంటమ్మా. పెంచలయ్య యాడని మళ్ళీ మళ్ళీ అడగతా ఉండాడంట. ఏం చెప్పమంటారని రోజా అడగతా ఉండాది."

టైము ఒంటిగంటా పది.

"నాలుగింటికల్లా వస్తాడని చెప్పమను," అన్నాను.